హెన్రీ బోటుకు నునుపు పెట్టిన సంగతి

రెబెక్కమ్మ నోటివెంట ఒక మెచ్చుకోలు విన్నవాళ్లు బిట్రగుంటలో లేరు. పెళ్లిలో పలావు తిని చెయ్యి కడుక్కుంటూ పెళ్లికూతురి తల్లితో, "ఉప్పు సరిపోయిందే. బయటోళ్లు వండినట్టుండారు," అన్న మనిషి. పాస్టరు గారు గంటన్నర ప్రసంగం చెప్పి చెమట తుడుచుకుంటుంటే, "గొంతు బాగుండాది అయ్యగారూ. రేడియో అయితే ఆపుకోనన్నా ఆపుకోవచ్చు," అన్నది. విన్నవాళ్లు నవ్వేవాళ్లు, తమ వంతు వచ్చేదాకా.

చదివింది రెండో తరగతి. రైల్వే దవాఖానాలో ముప్పై రెండేళ్లు ఆయాగా చేసి, ఆ జీతంతో కాలనీకి బయట రెండు గదుల మిద్దె కట్టింది. ఆ మిద్దెలో ఒక్క ఇటుక కూడా మొగుడిది కాదని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది. మొగుడు అక్కడే కూర్చుని ఉండేవాడు.

ఆయన పేరు హెన్రీ. లోకో షెడ్డులో ఫిట్టరు. ఆవిరి ఇంజన్లు పోయి షెడ్డు మూతపడ్డాక యార్డులో వ్యాగన్ల బ్రేకులు చూసే పనికి మార్చారు. చేరినప్పుడు ఫిట్టరు, దిగిపోయినప్పుడూ ఫిట్టరే. మాట మెత్తన, నడక మెత్తన. పెళ్లాం ఏమన్నా "సరేలే రెబెక్కా" అనేవాడు. ఎదురు చెప్పే మొగుడైతే ఆమె నాలుక కొంతన్నా అరిగేదేమో. ఈయన దగ్గర అది అరగలేదు, సానబడింది.

ఆ ఇంట్లో ఆయనకంటూ ఉన్నది ఒక అట్టపెట్టె. ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఒకాయన పెళ్లాం పిల్లలతో ఆస్ట్రేలియా పోతూ, సామానంతా అమ్మి, అమ్ముడుపోనిది హెన్రీ చేతిలో పెట్టిపోయాడు. పెట్టెలో ఒక ప్లాస్టిక్ బోటు, ముక్కలు ముక్కలుగా. తుపానులో మునిగిపోయేవాళ్లను కాపాడే బోటట. నిజమైనదాన్ని డెబ్భై రెండో వంతుకు కుదించారు, అన్నీ అతికిస్తే జానెడు వస్తుంది. పెట్టెమీది బొమ్మలో అలలు ఇంటెత్తున లేస్తుంటే నీలం బోటు వాటిని చీల్చుకుని పోతుంటుంది. హెన్రీ ఆ పెట్టెను పాతికేళ్లు విప్పకుండా దాచాడు. రిటైరయ్యాక ఒకరోజు వరండాలో పేపరు పరిచి విప్పాడు.

వారం రోజులు నడుము వంచి కూర్చున్నాడు. కాడలకు వేలాడే ముక్కలను బ్లేడుతో ఒక్కొక్కటే కోసి, గరుకు కాగితంతో రుద్ది, వరసగా పేర్చుకున్నాడు. బోటు ఒళ్లు రెండు చెక్కలుగా ఉంటుంది, కుడిదొకటి, ఎడమదొకటి. ప్లాస్టిక్కును కరిగించి పట్టేసే జిగురు అంచులకు రాసి, రెంటినీ కలిపి, ఆరేదాకా చేత్తో అదిమి పట్టుకోవాలి. ఆయన అట్లా అదిమి పట్టుకుని ఊపిరి బిగించి కూర్చున్న సమయానికి రెబెక్కమ్మ డ్యూటీ దిగి వచ్చింది. పొయ్యిమీద అన్నం మాడి ఇల్లంతా కమురు వాసన. లోపలికిపోయి పొయ్యి ఆర్పి, గరిటె చేతిలో ఉండగానే వరండాలోకి వచ్చింది.

"నిజం ఇంజన్లు బాగుచేసినన్నాళ్లు పైకి రాలా. ఇప్పుడు బొమ్మలు చేసి వస్తావా," అన్నది.

"ఒక్క నిమిషం ఆగు రెబెక్కా. ఆరతా ఉండాది."

ఆయన ఆమెను ఆగమనడం ముప్పై ఏళ్ల కాపురంలో అదే మొదటిసారి. ఆమె గరిటెతో ఆయన మణికట్టుమీద ఒక్కటి కొట్టింది. గట్టిగా కొట్టలేదని తరవాత చాలాసార్లు అనుకుంది. గట్టిగానే కొట్టింది.

చెయ్యి జారి, జిగురంటిన బొటనవేలు బోటు ఎడమపక్క, ముక్కు దగ్గర దిగబడింది. మెత్తబడిన ప్లాస్టిక్కులో వేలిముద్ర గీత గీతగా అచ్చుపడింది. ఆ వేలికి షెడ్డులో స్పానరు జారి తెగిన పాత గాటు ఉండేది. అది కూడా ముద్రకు అడ్డంగా పడింది. హెన్రీ దానివంక చూశాడు. "సరేలే రెబెక్కా," అని ముక్కలన్నీ పెట్టెలో సర్ది, పురికొస కట్టి, అటకెక్కించాడు. తరవాత ఏడేళ్లు బతికాడు. పెట్టె దించలేదు.

ఆయన పోయిన మూడోనాడే రెబెక్కమ్మ ఆయన చొక్కాలు, చెప్పులు, గొడుగు అన్నీ ఊళ్లో పంచిపెట్టింది. సమాధి దగ్గర ఆమె కంట చుక్క నీరు లేదని ఊరంతా చెప్పుకున్నది. గోడకు ఫోటో పెట్టిద్దామంటే, స్టూడియోలో దాన్ని దిద్ది దిద్ది హెన్రీని ఎవరో తాసిల్దారును చేసి ఇచ్చారు. ఆ మొహంతో ఆమెకు పరిచయం లేదు. ఆరు నెలలకు ఎలుకల కోసం అటక దులుపుతుంటే పెట్టె చేతికి తగిలింది. పురికొస విప్పింది. గాటుతో సహా ఆయన వేలు కనిపించింది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం, కూతురు రెజీనా కావలి ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి ఇల్లు చేరకముందే, రెబెక్కమ్మ తలుపు దగ్గరకు వేసి, పెట్టె తీసి, ఆ ముద్రలో తన బొటనవేలు పెట్టి కాసేపు కూర్చునేది. ఏడ్చేది కాదు, ప్రార్థించేది కాదు. వేలు పెట్టేది, తీసేది, పెట్టె మూసేది. ఈ సంగతి రెజీనాకు కూడా తెలియదు. తెలిస్తే ముద్ర ఎట్లా పడిందో చెప్పాలి. అది చెప్పడం కంటే నోరు పడిపోవడమే నయమనుకునే మనిషి.

ఆయన పోయిన పదో ఏడు తుపాను వానకు మిద్దె కారి పెట్టె నానిపోయింది. ఎండబెట్టి చూస్తే పాత జిగురు వదిలేసి బోటు రెండు చెక్కలైంది, చిన్న ముక్కలు సగం విరిగాయి.

"పారేద్దాం అమ్మా. నాన్న కూడా పట్టించుకోలేదు గదా," అన్నది రెజీనా.

"పనికిరాందాన్నల్లా పారేసేదాన్నయితే నువ్వు ఈపాటికి యాడుండేదానివో," అన్నది రెబెక్కమ్మ.

అన్నదేగానీ భయం పట్టుకుంది. ఇంకో వాన పడితే ఆ ఎడమ చెక్క ఏ చెత్తలో పోతుందో. వెంటనే అతికించాలి. అతికించగల చేతులు ఎవరివో ఆమెకు తెలుసు. ఆ చేతులు ఆమె నోట్లో పెట్టిన పళ్ల సెట్టు అప్పటికి రెండేళ్లుగా ఆమె సొంత పళ్లకంటే కుదురుగా కూర్చుని ఉంది.

కిషోర్ బాబు ఆమె సంఘంలోని వాడే. కావలిలో ఒక పళ్ల డాక్టరు దగ్గర కట్టుడుపళ్లు చేసే మెకానిక్కు. పదిలో తప్పాడు గానీ చెయ్యి మాత్రం బంగారం. క్రిస్మస్‌కు చర్చిలో పెట్టే పశువుల పాకలో గొర్రెలు, ఒంటెలు అన్నీ పళ్ల సెట్లకు వాడే గులాబీ రంగు పిండితో అతనే చేసేవాడు. తొలిసారి సెట్టు పెట్టిన రోజు అద్దం చూపించి, "ఎట్టుంది పెద్దమ్మా," అని ఆశగా అడిగితే, "పళ్లిచ్చినావు, బాగుండాది. మొహం కూడా ఇచ్చుంటే ఇంకా బాగుండు," అన్నది. నలభై ఐదేళ్ల మనిషి, సరిగ్గా చేశావన్న ఒక్క ముక్క ఆమె నోట వినాలని ఆ రోజునుంచి కాచుకుని ఉన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి పిలిచి పెట్టె ముందు పెట్టింది.

"రెండు నెలల్లో మీ పెదనాన్న జ్ఞాపకార్థ కూడిక ఉండాది గదా. ఫోటో పక్కన పెడదామని. అతికించియ్యి, చాలు."

కిషోర్ బాబు ముక్కలను పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తాడు. "ఇట్టాటియ్యి ఇప్పుడు యాడా దొరకవు పెద్దమ్మా. కాకపోతే పాతకాలం అచ్చు, అంతా మొరటు. ఈ కమ్మీలు చూడు, రోకళ్లంత ఉండాయి. నేను మార్చేస్తా. చేస్తే చేసినట్టుండాలి."

"నిన్ను మార్చమన్నారా, అతికించమన్నారా."

"అతికించేదానికి నేనెందుకు, మైదా జిగురు చాలదా," అని నవ్వాడు.

ఇదిగో ఈ ముద్ర జోలికి పోవద్దు అనే మాట ఆమె నాలుక కొనదాకా వచ్చింది. ఎవరిది పెద్దమ్మా అంటాడు. ఎట్ట పడింది అంటాడు. ఆమె మింగేసింది. "నీ తెలివి కొంచెం కావల్లోనే పెట్టుకో," అని మాత్రం అన్నది.

ఆ తరవాత ప్రతి ఆదివారం చర్చి మెట్ల దగ్గర అతను లెక్క ఒప్పజెప్పేవాడు. ప్లాస్టిక్ కాడను స్పిరిట్ దీపం మీద వేడిచేసి, వెంట్రుకంత సన్నగా సాగదీసి కమ్మీలు చేశాడట. విడవలూరు వైపునుంచి వలదారం తెప్పించి, పోగులు విడదీసి, మోకులు పేనాడట. కిటికీలకు మూసుకుపోయిన ప్లాస్టిక్కును తొలిచి, ఎక్స్‌రే ఫిల్ము కడిగి అద్దాలు పెట్టాడట. నీళ్లలో పడ్డవాళ్లకు విసిరే చక్రాలకు ఎర్ర దారం చుట్టాడట. చుట్టూ జనం మూగి వినేవాళ్లు. రెబెక్కమ్మకు లోపల కొంచెం గర్వంగానే ఉండేది, తన ఇంటి వస్తువు గురించి ఊరు చెవి ఒగ్గుతోందని. దానికింద భయం కూడా ఉండేది.

"ఒంటిమీద పాత మరకలేమన్నా ఉంటే ఉండనీరా," అన్నది ఒకసారి, ఎటో చూస్తూ.

"మరకలతో పెడితే పెదనాన్నకే గదా పెద్దమ్మా మరక," అన్నాడు. పాస్టరు గారి భార్య మెర్లిన్ అమ్మగారు పక్కనే నిలబడి, "ఎంత బాగా చెప్పినావు కిషోర్," అన్నది. రెబెక్కమ్మ బైబిలు చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఇక ఉండబట్టలేక ఒక బుధవారం బస్సెక్కి కావలి పోయింది. పళ్ల డాక్టరు గది వెనక కిషోర్ బాబు పనిచేసే చిన్న గది. బల్లనిండా నోళ్లు లేని పళ్లు. మధ్యలో బోటు. రెండు చెక్కలూ కలిసి ఉన్నాయి, రంగు ఇంకా వెయ్యలేదు. ఎడమపక్క ముక్కు దగ్గర ముద్ర ఉంది. గాటు ఉంది. ఆమె స్టూలు లాక్కుని దానికి ఎదురుగా కూర్చుంది.

కిషోర్ బాబు పనిలో తలవంచుకుని మాట్లాడుతున్నాడు. చేతిలో ఎవరిదో సెట్టు. గుడ్డచక్రం మీద రాతిపొడితో మెరుగు పెట్టి, చిటికెడు దూది తీసుకుని దానిమీద నెమ్మదిగా తుడిచాడు. "మా పద్ధతి ఇదే పెద్దమ్మా. ఎక్కడన్నా దూది పోగు చిక్కుకుందా, అక్కడ గరుకున్నట్టు. ఆ గరుకు చిగురును కోసుద్ది. పోగు చిక్కుకోకుండా పోయిందాకా వదలకూడదు. నాకింక అలవాటైపోయింది. మంచం పట్టె గరుకుగా ఉన్నా నిద్రపట్టదు." తరవాత దూది బోటుమీద తుడిచాడు. ఒళ్లంతా జారి, ముద్ర దగ్గర నాలుగు పోగులు చిక్కుకుని నిలబడ్డాయి.

"ఇదొకటుండాది," అన్నాడు. "ఎవరో జిగురుచేత్తో పట్టేసుకున్నారు. పెదనాన్నదేనా పెద్దమ్మా. చెయ్యి వణికినట్టుండాది."

అడిగాడు. ఆమె ఎదురుచూసి, భయపడి, దాటేసిన మాట అతనే అడిగాడు. అవునని తల ఊపితే చాలు. కానీ అడిగిన తీరులో హెన్రీమీద జాలి ఉంది. ఆమె మొగుడిమీద ఒక పళ్ల మెకానిక్కు జాలిపడటం ఆమెకు గిట్టలేదు. ఆయన్ని ఏమన్నా అనాలంటే తనే అనాలి. నలభై ఏళ్లు అట్లాగే జరిగింది. నోరు తనంతట తానే తెరుచుకుంది.

"ఆయనకు ఏది చేతనయింది గనక. చేసిన ప్రతిదీ అంతే, పాడుచేసి పెట్టేవాడు."

కిషోర్ బాబు ఆమెవంక మెత్తగా చూశాడు. "పోనీలే పెద్దమ్మా. ఆయన పాడుచేసింది ఒక్కటి కూడా కనపడనియ్యను."

ఆమె లేచింది. గడప దాటింది. బస్టాండు నాలుగు అడుగులు. వెనక్కి తిరిగి, వద్దురా, అది మటుకు వద్దు అని చెప్పడానికి బిట్రగుంట బస్సు పావుగంట సమయం ఇచ్చింది. ఆమె అరటిపండ్ల బండివాడితో పండ్లు మాగలేదని పోట్లాడుతూ ఆ పావుగంట గడిపి, బస్సెక్కింది.

కూడిక రోజున వరండాలో షామియానా వేశారు. పాటలు అయ్యాయి, వాక్యం అయింది. తెల్లగుడ్డ పరిచిన బల్లమీద తాసిల్దారులాంటి హెన్రీ ఫోటో, పక్కన చేతిరుమాలు కప్పిన బోటు. పాస్టరు గారు సైగ చెయ్యగానే కిషోర్ బాబు ఇస్త్రీ చొక్కాలో లేచొచ్చి రుమాలు తీశాడు.

బోటు నిజంగానే బాగుంది. నీలం ఒళ్లు, ఎర్రగీత, వెంట్రుకల్లాంటి కమ్మీలు, అద్దాల వెనక చీమంత చుక్కాని చక్రం. కూర్చున్నవాళ్లు కుర్చీల్లోంచి లేచారు. దీనిలో ఎక్కి పోవచ్చురా అన్నారెవరో.

"ఊరికే రంగు కాదండీ," అన్నాడు కిషోర్ బాబు. జేబులోంచి దూది తీశాడు. "ఈ పక్కన ఒక బొటనవేలి ముద్ర ఉన్నింది. లోపలికి దిగబడింది. దానికే రెండ్రోజులు పట్టింది నాకు. గీకి, పూడ్చి, మళ్లీ గీకి. ఇప్పుడు చూడండి." దూది బోటు ముక్కునుంచి వెనకదాకా తుడిచాడు. ఒక్క పోగు నిలబడలేదు. "చెయ్యి పెట్టి చూడు పెద్దమ్మా."

రెబెక్కమ్మ లేచి వచ్చింది. అందరూ చూస్తుండగా బొటనవేలు ఆ చోట పెట్టింది. వేలు జారింది. ఇంకోసారి పెట్టింది. గాజుమీద పెట్టినట్టు జారింది. కిషోర్ బాబు ఆమె పక్కన వంగి నిలబడ్డాడు, రెండేళ్లుగా కాచుకున్న మాట ఇప్పుడు వస్తుందని, మొహమంతా వెలిగించుకుని.

ఆ మొహం చూసేసరికి ఆమెకు దారి కనిపించింది. ముద్ర సంగతి చెప్పనక్కరలేదు. గరిటె సంగతి చెప్పనక్కరలేదు. కావలి గదిలో తను అన్న మాట ఎవరికీ తెలియనక్కరలేదు.

"రెండేళ్లనుంచి ఈడు చేసిన సెట్టు నా చిగుళ్లు కోస్తా ఉండాది," అన్నది, అందరికీ వినిపించేట్టు. "పోనీలే, మనోడు బతుకుతుండాడని ఓర్చుకున్నా. నెత్తురు మింగతా మీతో నవ్వినా. ముసలిదాని నోట్లో పుండు మాన్పలేనోడు, బోటుకు నునుపు పెట్టినాడంట."

"పెద్దమ్మా," అన్నాడు కిషోర్ బాబు. "నాతో ఒక్క మాట కూడా చెప్పలా నువ్వు."

"చెప్తే ఏం చేస్తావు. గులాబీపిండితో ఇంకో గొర్రెను చేస్తావు."

అలవాటుగా ఇద్దరు ముగ్గురు నవ్వారు. తరవాత ఆమె నోట్లో వేళ్లు పెట్టి పై సెట్టు, కింద సెట్టు తీసి, బోటు పక్కన తెల్లగుడ్డమీద పెట్టింది. కన్నకూతురికి కూడా పళ్లులేని మొహం చూపించని మనిషి. బుగ్గలు లోపలికి పడిపోయి, గడ్డం ముక్కును అందుకోబోయింది. జనం తలలు దించుకున్నారు. ఒట్టి మాటైతే నమ్మకపోదురేమో. ఆ మొహం చూసి అందరూ నమ్మారు.

కిషోర్ బాబు చేసిన సెట్లు పెట్టుకున్నవాళ్లు ఆ షామియానా కింద ఇంకో ముగ్గురున్నారు. ముగ్గురి నాలుకలూ మూసిన నోళ్లలో గరుకు వెతకడం మొదలుపెట్టాయి. పై ఆదివారానికి ముగ్గురికీ పుండ్లు దొరికాయి. నెల తిరక్కముందే సంగతి కావలి డాక్టరు చెవినిబడి, ఆయన కొత్త సెట్లన్నీ నెల్లూరులో చేయించడం మొదలుపెట్టాడు. కిషోర్ బాబుకు మిగిలింది విరిగినవి అతికించే పని. ఇదంతా రెజీనా అన్నం పిసుకుతూ తల్లికి చెప్పింది.

"నీకు నిజంగా కోసిందా అమ్మా," అని అడిగింది చివరికి.

"నా నోరు నీకు తెలుసా, నాకు తెలుసా."

ఆ తరవాత ఒక శనివారం కిషోర్ బాబు వచ్చాడు. మనిషి సగమయ్యాడు. చేతిలో చిన్న ఆకురాళ్ల డబ్బా. పోట్లాడలేదు. గడప దగ్గర చెప్పులు విడిచి, "ఎక్కడ గుచ్చుకుంటుండాదో చూపించు పెద్దమ్మా. సరిచేస్తా. నేను చేసిందాంతో నీ నోరు పుండుపడిందంటే నాకు అన్నం పోవడంలా," అన్నాడు.

అలమరలో గ్లాసులో సెట్టు ఉంది. అతనే తీసి తుడిచాడు. దూది చిటికెడు తీసుకుని పై సెట్టు లోపల, బయట, అంచులు, ఆ తరవాత కింద సెట్టు, వెలుతురుకు తిప్పితిప్పి తుడిచాడు. మళ్లీ మొదటినుంచి తుడిచాడు.

"ఎక్కడా చిక్కుకోలా పెద్దమ్మా."

ఆమె ఏదో అన్నది. పళ్లులేని నోట్లోంచి గాలి వచ్చిందిగానీ మాట రాలేదు. అతను చెవి దగ్గరకు తెచ్చి ఏమన్నావు పెద్దమ్మా అన్నాడు. ఒక మాట రెండోసారి చెప్పాల్సిన గతి ఆమెకు అంతకుముందు ఎన్నడూ పట్టలేదు.

"దూదికేం తెలుసు," అన్నది.

"ఒక్కసారి పెట్టుకుని, నొప్పి ఎక్కడో వేలితో చూపించు. చాలు."

పెట్టుకుంటే ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. పుట్టుకతో వచ్చినట్టు కూర్చుంటుంది. ఆమె పెదాలు బిగించి కిటికీవైపు తిరిగింది. అతను సెట్టును గ్లాసులో పెట్టి, నీళ్లు మార్చి, డబ్బా మూసుకుని లేచాడు.

పోతూ అలమర పైన బోటును చూశాడు. ఎడమపక్క గోడకు ఉంది. పనివాడి చెయ్యి ఊరుకోలేక దాన్ని తిప్పి, ఎడమపక్క ఇటు పెట్టి, చొక్కా చేత్తో దుమ్ము తుడిచాడు. "ఈ పక్కే పెద్దమ్మా బాగా కుదిరింది," అని చెప్పి మెట్లు దిగిపోయాడు.

రెజీనా చారన్నం మెత్తగా పిసికి గిన్నెలో తెచ్చింది. రెబెక్కమ్మ లేచి, బోటును మళ్లీ గోడవైపుకు తిప్పి, వచ్చి కూర్చుని, నమలకుండా మింగింది.